కుర్చీ పట్టుకోకుండా లేవగలరా? మోకాళ్లు, నడుం నొప్పికి 'గుజ్జు' ఒక్కటే కారణం కాదు.. ఇంట్లోనే కండ బలం పెంచుకోండిలా!

సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి 'అమ్మా' అనాల్సిందే. మెట్లు ఎక్కేటప్పుడు ఎలాగోలా ఎక్కేసినా.. దిగేటప్పుడు మోకాలు కలుక్కుమంటుంది. గ్యాస్ సిలిండర్ కాస్త పక్కకు జరిపితే చాలు, రెండ్రోజులు నడుం పట్టేస్తుంది. నలభై దాటిన వాళ్లున్న ఏ ఇంట్లో అడిగినా ఇవే కబుర్లు. దానికి చుట్టుపక్కల వాళ్లు చెప్పే కారణం కూడా ఒక్కటే.. 'గుజ్జు అరిగిపోయింది'.

ఆ మాట విన్న మరుక్షణం నుంచి చాలామంది కదలడం తగ్గించేస్తారు. 'ఇంకా నడిస్తే ఉన్న గుజ్జు కూడా పోతుందేమో' అని భయం. కదలిక తగ్గేసరికి తొడ కండరాలు నీరసిస్తాయి. అవి నీరసిస్తే బరువంతా కీలు మీదే పడుతుంది. నొప్పి ఇంకా పెరుగుతుంది. అప్పుడు మెడికల్ షాపుకెళ్లి ఓ నొప్పి మాత్ర.. వారం తిరిగేసరికి మళ్లీ అదే మాత్ర. అసలు సమస్య ఈ గొలుసులోనే ఉంది. దీన్ని తెంపడానికి జిమ్ అక్కర్లేదు. గోడ, కుర్చీ, రెండు వాటర్ బాటిళ్లు, కంచంలో కొన్ని మార్పులు చాలు. అవేంటో, ఎందుకు పనిచేస్తాయో చూద్దాం.

గుజ్జు అరిగితే కదలకూడదా?

మోకాలి ఎముకల చివర్లలో నున్నగా ఉండే మెత్తటి పొరనే మనవాళ్లు గుజ్జు అంటారు. ఈ పొరకు రక్తనాళాలు ఉండవు. దానికి కావాల్సిన పోషకాలు కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే అందాలి. మోకాలు వంచి చాపుతున్నప్పుడు, కాలు మోపి ఎత్తుతున్నప్పుడు ఆ ద్రవం స్పాంజిలో నీళ్లలా లోపలికీ బయటికీ వెళ్తుంది. అంటే కదలికే దానికి తిండి పెడుతోంది! కదలకుండా కూర్చోబెడితే గుజ్జు మిగిలిపోతుందనుకోవడం పొరపాటు.

ఇంకో విషయం. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకీ, మనిషి పడే నొప్పికీ లెక్క సరిపోదు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా తిరిగేవాళ్లున్నారు. ఫిల్మ్‌లో పెద్దగా ఏమీ లేకపోయినా నొప్పితో మూలిగేవాళ్లూ ఉన్నారు. తొడ, పిరుదు కండరాల బలం, శరీర బరువు, నిద్ర.. ఇవన్నీ నొప్పిని పెంచేవే, తగ్గించేవే. అందుకే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కీళ్ల అరుగుదల మీద 2022లో ఇచ్చిన సూచనల్లో ఆ సమస్య ఉన్న అందరికీ వ్యాయామం చేయించమని చెప్పింది. కొందరికి కాదు.. అందరికీ.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అధిక బరువు, మోకాళ్ల అరుగుదల రెండూ ఉన్న పెద్దవాళ్ల మీద అమెరికాలో జరిగిన పరిశోధన 2005లో వెలువడింది. ఒంట్లో 1 కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. రోజుకి ఎన్ని వేల అడుగులు వేస్తామో లెక్కేసుకుంటే ఆ 1 కిలో విలువ తెలుస్తుంది.

రోజూ నడుస్తున్నాం కదా.. చాలదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, మనసుకూ మంచిదే. మానేయమని ఎవరూ చెప్పరు. కానీ కండరానికి బలం రావాలంటే అది రోజూ మోసే దానికన్నా కాస్త ఎక్కువ బరువు మోయాలి. చదునైన రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఆ పని జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చూస్తే ఈ రెండూ వేర్వేరుగానే ఉంటాయి. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక లాంటివి ఒకటి. వారంలో కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలు రెండోది. 65 దాటినవాళ్లయితే వీటితో పాటు ఒంటి నిలకడకు సంబంధించినవి వారంలో 3 రోజులు చేయాలి. మనవాళ్లలో ఎక్కువమంది మొదటిది చేసి, రెండోది వదిలేస్తున్నారు.

ముప్పై దాటాక పట్టించుకోకపోతే పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గిపోతుందని అంచనా. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. వయసుతో వచ్చే ఈ కండ తరుగుదలకు వైద్యులు 1989 నుంచి 'సార్కోపీనియా' అనే పేరు వాడుతున్నారు. తూకంలో ఇది కనిపించదు. ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది.. బరువు మాత్రం అలాగే ఉంటుంది. తిన్న తర్వాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా లాక్కునేది కండరాలే కాబట్టి, కండ తగ్గితే షుగర్ అదుపు తప్పడానికీ అవకాశం ఎక్కువ.

'ఈ వయసులో కండ ఏం వస్తుందిలే' అనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న కొందరితో 8 వారాల పాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల సగటు వయసు 90 ఏళ్లు! 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరైతే చేతికర్ర పక్కన పెట్టేశారు. అయితే అదంతా నిపుణుల పర్యవేక్షణలో జరిగింది. 90 ఏళ్ల తాతగారితో రేపట్నుంచే బరువులు మోయించమని దీనర్థం కాదు. 50 ఏళ్లకే 'అయిపోయింది' అనుకోవద్దని మాత్రం అర్థం.

వెనకటి రోజుల్లో బావిలో నీళ్లు తోడటం, రోట్లో రుబ్బడం, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం.. వీటన్నిటితో బలం పని దానంతటదే జరిగిపోయేదని పెద్దవాళ్లు అంటుంటారు. అందులో నిజముంది. కానీ రోజంతా నడుం వంచి నాట్లు వేసిన ఆడవాళ్ల నొప్పులను ఆ కబుర్లలో మర్చిపోకూడదు. ఎంత బరువు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విశ్రాంతి అన్నది లెక్క ప్రకారం ఉంటేనే అది వ్యాయామం. లెక్క లేకపోతే అది చాకిరీ.

ముందు ఈ చిన్న టెస్ట్ చేసి చూసుకోండి

చేతులు లేని, వీపు ఆనుకునే గట్టి కుర్చీ ఒకటి తీసుకోండి. ఎత్తు సుమారు 43 సెంటీమీటర్లు.. అంటే మామూలు డైనింగ్ కుర్చీ ఎత్తు. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కాబట్టి గోడకు ఆనించి పెట్టండి. కుర్చీ మధ్యలో కూర్చుని, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా కట్టుకోండి. ఫోన్‌లో 30 సెకన్లకు టైమర్ పెట్టి, పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోండి. ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. పక్కన ఒక మనిషి ఉంటే మంచిది.

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పెద్దవాళ్లు పడిపోయే ముప్పును అంచనా వేయడానికి ఇదే టెస్ట్ వాడుతుంది. ఆ లెక్క ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మధ్య మగవాళ్లు 14 సార్ల కన్నా, ఆడవాళ్లు 12 సార్ల కన్నా తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కన్నా తగ్గినట్టే. 65 నుంచి 69 వాళ్లకు ఆ అంకెలు 12, 11. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా వేసుకోవాల్సిందే. నలభై ఐదేళ్లవాళ్లు 60 ఏళ్లవాళ్ల అంకె దగ్గరే ఆయాసపడుతుంటే మాత్రం ఇక వాయిదా వేయొద్దు.

కుర్చీతోనే మొదలుపెట్టండి

టెస్ట్‌కు వాడిన కుర్చీతోనే మొదటి వ్యాయామం. మోకాళ్లకు ఇంతకన్నా మంచి మొదలు ఇంకోటి లేదనే చెప్పాలి. పాదాలు భుజాల వెడల్పులో పెట్టి, మడమలు కాస్త వెనక్కి లాక్కోండి. ముక్కు బొటనవేళ్ల మీదకు వచ్చేలా ఒంటిని ముందుకు వంచి లేవండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.. నిటారుగా ఉండి లేవబోతే భారమంతా మోకాళ్లపై పడుతుంది. ముందుకు వంగితే పిరుదులు, తొడలు పని అందుకుంటాయి. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒకదానికొకటి తగిలేలా ముడుచుకోకూడదు, పాదాల వైపే చూస్తుండాలి.

అసలు లాభం కూర్చోవడంలో ఉంది. ధబీమని కూలబడకుండా మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందకు దిగండి. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎందుకు ఎక్కువో ఇప్పుడు అర్థమవుతుంది.. బరువును ఆపుకుంటూ దించే పనే కండరానికి కష్టం. అదే ఇక్కడ నేర్పిస్తున్నాం. 8 సార్లు చేయడం కష్టంగా ఉంటే కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచండి. 12 సార్లు తేలిగ్గా వచ్చేస్తుంటే దిండు తీసేయండి. అదీ తేలికైతే రెండు చేతుల్లో లీటరు వాటర్ బాటిళ్లు పట్టుకోండి. ఇలా మెల్లగా కష్టం పెంచుకుంటూ పోవడమే బలం పెరగడంలోని రహస్యం. ఏడాది పాటు అదే 10 సార్లు, అదే కుర్చీ అయితే ఒళ్లు అక్కడే ఆగిపోతుంది.

మోకాలు వంచితేనే నొప్పి అనేవాళ్లు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలు నిటారుగా ఓ అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపి దించాలి. దీంతో కీలు మీద భారం పడకుండానే తొడ ముందు కండరం బిగుస్తుంది.

నడుముకు ఈ రెండూ..

నడుం నొప్పి అనగానే ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం, పొట్ట మీద గుంజీలు తీసినట్టు పైకి లేవడం మొదలుపెడతారు. నొప్పి ఉన్నప్పుడు ఇవి చాలామందికి పడవు. దాని బదులు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆట ఆడతామే.. అలా చేతులు, మోకాళ్ల మీద ఉండండి. మోకాళ్ల కింద మెత్తటి దుప్పటి మడత వేసుకోండి. కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపి 5 నుంచి 8 సెకన్లు ఆపండి. వీపు మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకనంత నిలకడగా ఉండాలి. తర్వాత రెండో వైపు. వెన్నుముక మీద పరిశోధనలు చేసిన కెనడా ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ సూచించే మూడు ప్రధాన వ్యాయామాల్లో ఇదొకటి. వెన్ను వంగకుండా దాని చుట్టూ ఉన్న కండరాలకు పని చెప్పడం దీని గొప్పతనం.

రెండోది.. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు బిగించి నడుమును పైకి లేపడం. రోజంతా కుర్చీలోనే ఉండే వాళ్లకు పిరుదు కండరాలు బద్ధకిస్తాయి, వాటి పని నడుం మీద పడుతుంది. పైన 3 సెకన్లు ఆపి మెల్లగా దించితే చాలు.

మిగతావి తేలికే. గోడకు అడుగున్నర దూరంలో నిలబడి రెండు చేతులూ గోడకు ఆనించి దండీలు తీస్తే ఛాతీ, భుజాలు బలపడతాయి. కిచెన్ గట్టు పట్టుకుని మడమలు లేపి దించితే పిక్కలకు పని.. పాలు పొంగేలోపు ఒక సెట్ అయిపోతుంది. ఒంటి నిలకడ కోసం అదే గట్టు దగ్గర ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడొచ్చు. కూరగాయల సంచులు రెండు చేతుల్లో సమానంగా పట్టుకుని నిటారుగా నడిచినా వ్యాయామమే. ఒక్క చేతికే అన్నీ తగిలించుకుని ఒరిగిపోయి నడవడమే నడుముకు చేటు.

ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, అలా రెండు విడతలు. వారంలో రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు గ్యాప్. మొత్తం 20 నిమిషాల పని. కష్టపడి చేసేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు. లేచేటప్పుడు గాలి వదలాలి.

కొత్తగా మొదలుపెట్టిన మర్నాడో, ఆ మర్నాడో కండరాలు పట్టేసినట్టు ఉండటం మామూలే. కీలు లోపల పొడిచినట్టు నొప్పి, వాపు వస్తే మాత్రం అది వేరు. పదికి ఎంత నొప్పి అని మిమ్మల్ని మీరే అడగండి. చేసేటప్పుడు 3 దాటకుండా, మర్నాటికల్లా మామూలుకు వచ్చేస్తే కొనసాగించొచ్చు. దాటితే సంఖ్య తగ్గించాలి కానీ పూర్తిగా మానేయకూడదు.

'ఆడవాళ్లు బరువులెత్తితే మగరాయుళ్లలా తయారవుతారు' అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన పాతికేళ్ల తర్వాత కూడా! రెండు వాటర్ బాటిళ్లతో ఎవరి ఒళ్లూ అలా మారిపోదు. పైగా నెలసరి ఆగాక ఎముకలు వేగంగా పలచబడేది ఆడవాళ్లకే. ఎముక గట్టిగా ఉండాలంటే దాని మీద భారం పడాలి. కాబట్టి ఈ వ్యాయామాల అవసరం వాళ్లకే ఎక్కువ.

కంచంలో లెక్క ఎక్కడ తప్పుతోంది?

కండరానికి పని చెప్పి తిండి పెట్టకపోతే లాభం లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్లలో సాదాసీదా రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున మూడు ఇడ్లీ, చట్నీతో 8 గ్రాముల దాకా వస్తుంది. మధ్యాహ్నం అన్నం, పలచటి పప్పుచారు, ఓ వేపుడు, కాస్త పెరుగు.. అన్నీ కలిపి 16 గ్రాముల లోపే. రాత్రి అన్నం, పచ్చడి, మజ్జిగ అయితే పదో పన్నెండో. రెండు టీల్లోని పాలు కలుపుకున్నా మొత్తం 40 దగ్గర ఆగిపోతుంది. కడుపు నిండింది.. కండకు మాత్రం అందలేదు. పైగా అందులో సగానికి పైగా బియ్యం నుంచి వచ్చిందే. బియ్యంలో లైసిన్ అనే ముఖ్యమైన భాగం తక్కువ. పప్పులో అది పుష్కలం. అందుకే అన్నంలో పప్పు కలుపుకోవడం మంచి జోడీ. కాకపోతే గిన్నె అడుగున పప్పు వెతుక్కోవాల్సిన పప్పుచారు ఆ లెక్కలోకి రాదు. ముద్దపప్పో, ఆకుకూర పప్పో చిక్కగా ఉండాలి.

అదృష్టమేంటంటే దీనికి మన వంటింట్లోనే మందుంది. 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు తింటే 12 గ్రాముల దాకా వస్తుంది. ఇడ్లీ ప్లేట్‌తో పోలిస్తే ఒకటిన్నర రెట్లు. గుడ్డు ఒక్కోటి 6 గ్రాములు. గ్లాసు పాలు కూడా దాదాపు అంతే. సాయంత్రం మిక్చర్ ప్యాకెట్ బదులు గుప్పెడు శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే మరో 6 గ్రాములు. కూరలో 25 గ్రాముల మీల్‌మేకర్ వేస్తే 12 గ్రాములు.. చవకలో ఇంతకన్నా దొరకదు. చేప, చికెన్ తినేవాళ్లకు సమస్యే లేదు.. ఆదివారం ఒక్కరోజే కిలో వండుకోకుండా వారంలో రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా తింటే ఒంటికి పడుతుంది.

ఎక్కువ నష్టపోతున్నది ఇంట్లోని పెద్దవాళ్లే. 'షుగర్ కదా' అని రాత్రి అన్నం మానేసి ఉప్మానో, రెండు ఇడ్లీలో తిని పడుకుంటారు. ఉప్మా కూడా పిండిపదార్థమే కదా! అక్కడ కండకు దొరికేది ఏమీ లేదు. 65 దాటినవాళ్లకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ ఉండాలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లోనే సూచించింది. పళ్లు లేకపోతే మెత్తటి పెసరపప్పు కిచిడీ, పనీర్, మెత్తగా ఉడికిన గుడ్డు పెట్టొచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా ప్రొటీన్ పెంచకూడదు.

పౌడర్ డబ్బాలు కొనాలా అంటే.. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన 17 మార్గదర్శకాల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. డబ్బా ధరకు ఇంటిల్లిపాదికీ నెల పప్పులు వస్తాయి.

కాల్షియం విషయంలోనూ ఓ భ్రమ ఉంది. రాగిజావ మంచిదే. కానీ గ్లాసు జావలో పడే 30 గ్రాముల పిండిలో ఉండేది సుమారు 100 మిల్లీగ్రాముల కాల్షియం. రోజుకు కావాల్సింది 1000, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200. జావ ఒక్కదాన్నే నమ్ముకోకుండా పాలు, పెరుగు, ఆకుకూరలు, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలు కలవాల్సిందే. ఇక విటమిన్ డి తక్కువైతే ఒళ్లునొప్పులు, కండరాల నీరసం వస్తాయి. అలాగని 60,000 యూనిట్ల డోసును సొంతంగా మింగకూడదు. డాక్టర్లు దాన్ని వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలకే రాస్తారు. రోజూ వేసేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు పరుగెత్తాలి?

నొప్పి మాత్రల సంగతి ముందు. అప్పుడప్పుడూ డాక్టర్ సలహాతో వాడితే ఫర్వాలేదు. చీటీ లేకుండా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం లాంటివి వస్తాయి. ఇప్పటికే బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పి, కిడ్నీ పరీక్ష చేయించుకోండి.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, ఎముకలు బాగా పలచబడ్డాయని తేలినవాళ్లు మొదలుపెట్టే ముందే డాక్టర్‌నో, ఫిజియోథెరపిస్ట్‌నో ఒకసారి కలవాలి. చేస్తుండగా ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆపేయాలి.. ఛాతీ నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయడమే. మోకాలు ఎర్రగా వేడిగా వాచినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా వ్యాయామంతో తగ్గుతుందిలే అని ఎదురుచూడొద్దు. నడుం నొప్పితో పాటు కాలు పట్టు తప్పడం, మలమూత్రాల మీద అదుపు పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం జరిగితే అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.